జిగురు ఆరలేదు

స్టాండు తయారైన రోజునే కూతురింటికి వెళ్ళిపోతానని అత్తగారు ప్రకటించగానే, టీచరుకు వడ్రంగం మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది.

అంతవరకూ ఆమెకు సుత్తి ఏ పక్క పట్టుకోవాలో కూడా తెలియదు. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఎలాంటి త్రిభుజాన్నయినా నల్లబల్ల మీద నిలబెట్టగలదు. భోజనాల బల్ల మీద అట్టముక్కను నిలబెట్టడం వేరే సబ్జెక్టని తరవాత తెలిసింది.

ఆ ఇంట్లో ఇప్పుడు ఉండేది వాళ్ళిద్దరే. ఇద్దరూ పోగొట్టుకున్నది ఒక్క మనిషినే. ఒకరికి కొడుకు, ఒకరికి మొగుడు. వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ అలాగే ఒరిగిపోయాడు. రెండో బూటు డాక్టరు విప్పాడు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు మాత్రం చాలా చెప్పారు. "మంచివాళ్ళనే దేవుడు తొందరగా తీసుకుపోతాడమ్మా" అన్నారు. ఆ లెక్కన మిగిలిపోయిన ఇద్దరూ ఎలాంటివాళ్ళో నలుగురి ముందూ తేలిపోయింది.

ఏడుపులో కూడా అత్తాకోడళ్ళకు పొత్తు కుదరలేదు. కన్నదాన్ని నేనని ఒకరు, కట్టుకున్నదాన్ని నేనని ఒకరు. ఎవరి దుఃఖం పెద్దదో తేలేదాకా మొహాలు చూసుకోకూడదని పంతం పట్టినట్టు, నేరుగా మాట్లాడుకోవడం మానేశారు. అలాగని నోళ్ళు ఊరుకుంటాయా?

"కొందరికి స్టవ్ కట్టే అలవాటుండదు" అని అత్తగారు గోడ గడియారంతో చెప్పేది.

"కొందరికి కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికించే అలవాటుంటుంది" అని టీచరు ఫ్రిజ్‌కు విన్నవించుకునేది.

పాపం, గడియారమూ ఫ్రిజ్జూ ఏ పాపమూ ఎరగకుండా ఆ సంసారం మధ్య నలిగిపోయాయి.

ఇంతకీ స్టాండు దేనికంటే, గేమ్‌కు. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్. నడుమ తెర, అటూ ఇటూ బటన్లు. పోయినాయన ముచ్చటపడి కొనుక్కున్నాడు. బస్సులో ఆఫీసుకు వెళ్తూ ఆడేవాడు, వస్తూ ఆడేవాడు, అన్నం ముందు కూర్చుని కూడా ఆడేవాడు. "జుట్టు నెరుస్తోంది, ఇంకా ఆ పలకేమిట్రా? పెళ్ళాం టీచరైతే మొగుడు పలక పట్టుకుని తిరగాలని ఏమన్నా రూలుందా?" అని అత్తగారు ఒకే రాయితో రెండు పిట్టల్ని కొట్టేది. ఆయన పోయాక ఆ పలక సొరుగులో పడి ఉంది. ఒకరోజు టీచరు బడి నుంచి వచ్చేసరికి అత్తగారు దాన్ని తీసి, తుడిచి, ఛార్జింగు పెట్టి, ఆడుతోంది. తెర మీద గొడుగు పట్టుకున్న పొట్టి మనిషొకడు గోడలు దూకుతూ, గుంతలో పడుతూ, మళ్ళీ మొదటి నుంచి లేచి నడుస్తున్నాడు. ఆ ఆటలో అదొక సౌకర్యం.

ఎందుకు తీశారని టీచరు అడగలేదు. అడిగితే సమాధానం వినాల్సి వస్తుంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. అత్తగారు స్నానాల గదిలో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చెయ్యి చేతిలాగే ఉంది గాని, వేళ్ళు మాత్రం రిటైరైపోయిన గుమాస్తాల్లా కుర్చీలో ఉన్నాయే తప్ప పని ముట్టుకోవడం లేదు. "వేళ్ళు ఆడిస్తూ ఉండాలి. గేమా? భేష్, ఆడండి" అన్నాడు డాక్టరు. ఆడటానికేం, దాన్ని పట్టుకునేదెవరు? దిండుకు ఆనిస్తే జారిపోతుంది. కుడిచేత్తో పట్టుకుంటే ఎడమ చెయ్యి అందదు.

ఆడపడుచు, అంటే పోయినాయన అక్కగారు, బ్యాంకులో మేనేజరు. దేన్నయినా ఫోన్లో మంజూరు చేసేస్తుంది. ఆవిడ ఒక స్టాండు ఆర్డరిచ్చి పంపించింది. అది సినిమా చూసేవాళ్ళ కోసం చేసిన స్టాండు. బటన్ నొక్కగానే కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలా వెనక్కి వెనక్కి జరుగుతూ బల్ల అంచుకు చేరి, కిందికి దూకింది.

"అమ్మా, ఈ గొడవంతా ఎందుకు, వచ్చెయ్యి నా దగ్గరికి" అంది ఆడపడుచు స్పీకర్లో. "ఇక్కడ లిఫ్టుంది. పనిమనిషుంది. అన్నీ ఉన్నాయి."

"నీ ఇంట్లో అన్నీ గాజుబల్లలేనే. అక్కడ ఇది జారిందంటే ఇక ఏరుకోవడమే. ఇది నిలబడే ఏర్పాటేదో ఇక్కడే కానీ. అయిన రోజున వస్తాను."

"మాట తప్పకూడదు మరి. టీచరమ్మా, విన్నావా? స్టాండు అవగానే నాకు ఫోన్ చెయ్యి. కారు తీసుకొచ్చేస్తా."

"అలాగే వదినా" అంది టీచరు. ఆ రెండు ముక్కల్లో ఉన్నంత ఉత్సాహం ఆ ఇంట్లో వానాకాలం తరవాత ఎవరూ వినలేదు. ఒక్కతే ఉంటే ఎంత హాయిగా ఏడవచ్చో అప్పుడే ఊహించుకుంది కూడా.

అత్తగారు గడియారం వైపు తిరిగింది. "మా వాడే ఉంటే చిటికెలో చేసి పడేసేవాడు."

*

మొదటి స్టాండు అట్టతో. చేసే ముందు కొలత కావాలి కదా. కొలతకు గేమ్ కావాలి. గేమ్ అత్తగారి ఒళ్ళో ఉంది. "ఒకసారి ఇస్తారా" అని అడిగితే సరిపోయేది, కాని అడగడమంటే ఓడిపోవడం. అందుకని టీచరు అటక ఎక్కి, గేమ్ కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె దించి, స్కేలు పెట్టి, మిల్లీమీటర్లతో సహా దాని కొలతలు తీసింది. కాగితం మీద ముందు నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఒక బొమ్మ వేసింది. కోణమానిని పెట్టి వాలు లెక్కగట్టింది. ఆ కాగితాన్ని ఏ పరీక్షలో ఇచ్చినా నూటికి నూరూ వేసేవాళ్ళు.

తీరా స్టాండులో పెడితే గేమ్ తాతగారి కోటు తొడుక్కున్న పసివాడిలా అటూ ఇటూ ఈదులాడింది. అత్తగారు ఒక్క బటన్ నొక్కింది. అట్ట మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది.

"పడ్డావా నాయనా? దెబ్బ తగిలిందా?" అంది అత్తగారు గేమ్‌ను నిమురుతూ. "నువ్వొచ్చిన డబ్బాకి కొలత తీశారమ్మా, నీకు కాదు. బళ్ళో కూడా పిల్లల్ని వదిలేసి వాళ్ళ సంచులకు పాఠం చెబుతారో ఏమో!"

టీచరు ఫ్రిజ్ తలుపు తీసి, అవసరం లేకపోయినా లోపలికి చాలాసేపు చూసి, గట్టిగా వేసింది.

రెండోది చెక్కతో. బడి వెనక విరిగిన బెంచీలు గుట్టగా పడి ఉంటాయి. హెడ్మాస్టరును అడిగి ఒక చెక్క ముక్క తెచ్చుకుంది. రంపం, సుత్తి, మేకుల కోసం హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళింది.

"మీరెందుకండీ ఇవన్నీ? ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?" అన్నాడు షాపతను.

"లేరు" అంది.

అతను మేకులు పొట్లం కట్టి, ఒక సాండ్‌పేపరు ఊరికే ఇచ్చాడు. సానుభూతి ఈమధ్య రకరకాల రూపాల్లో వస్తోంది.

ఈసారి జారే సమస్యే ఉండకూడదని టీచరు గట్టి పట్టుదల మీద ఉంది. అడుగున అంచు కట్టింది. వెనక గోడ కట్టింది. కుడివైపు, ఎడమవైపు కూడా గోడలు కట్టింది. అత్తగారు నిద్రపోతున్నప్పుడు చాటుగా వేళ్ళతో జానలు వేసి చూసుకుంది కాబట్టి గేమ్ ఈసారి తాళంలో తాళంచెవిలా కూర్చుంది. కదల్లేదు, మెదల్లేదు. అన్ని బటన్లూ గోడల వెనక భద్రంగా ఉన్నాయి.

అత్తగారు ఆ కట్టడాన్ని అన్ని వైపుల నుంచీ చూసింది. చూపుడు వేలు దూరే సందు కోసం వెతికింది. దొరకలేదు.

"బాగుంది. జైలు. నీళ్ళు పోయకుండా, అన్నం పెట్టకుండా, వచ్చి చూసి పోవచ్చు" అని గడియారానికి చెప్పి, అక్కడితో ఊరుకోకుండా, "వంటింట్లో ఆ గూడు చూడరాదూ? మా వాడు చేశాడు. ఇన్నేళ్ళయినా ఒక్క మేకు ఊడలేదు. చెయ్యి తిరగడమంటే అదీ" అంది.

టీచరుకు ఆ గూడు చరిత్ర పుట్టుపూర్వోత్తరాలతో సహా తెలుసు. అత్తగారు కూతురింటికి వెళ్ళినప్పుడు వడ్రంగి వచ్చి చేసిన గూడు అది. పోయినాయన చేసిందల్లా టేపు చివర పట్టుకుని నిలబడటం. అమ్మ వచ్చేసరికి నమ్మకం కుదరాలని బొటనవేలికి గుడ్డ చుట్టి, పైన అయోడిన్ కూడా రాసుకున్నాడు. ఆ రాత్రి ఇద్దరూ దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆ సంగతి ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది. అంటే అయిపోతుంది. ఒక్క దెబ్బకు నోరు మూతపడుతుంది.

ఆమె అనలేదు. జైల్లోంచి గేమ్‌ను విడుదల చేయడానికి మళ్ళీ సుత్తి తీసింది.

ఈ చప్పుళ్ళన్నీ విని ఎదురింటి ఇన్సూరెన్సాయన రంగంలోకి దిగాడు. ఆయనకు ఏ ఇంట్లో ఏ చప్పుడైనా తనను పిలిచినట్టే వినిపిస్తుంది. "చెక్కెందుకండీ, ఓల్డ్ ఫ్యాషను! బట్టలు తగిలించే హ్యాంగరు తీగతో నిమిషంలో అయిపోతుంది. వీడియో చూశాను" అని, ప్లయరుతో కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, ఇంకోసారి కాఫీ తాగి, మూడు హ్యాంగర్లు పాడుచేసి, తీగ స్టాండొకటి వంచాడు. అది నిజంగానే పడలేదు. బటన్ నొక్కినప్పుడల్లా కిందికీ పైకీ ఊగింది. తెర మీద పొట్టి మనిషితో పాటు అత్తగారి తల కూడా ఊగడం మొదలెట్టింది.

"ఎలా ఉంది పిన్నిగారూ?"

"దివ్యంగా ఉంది బాబూ. నీ పాలసీలా ఉంది. పట్టుకున్నట్టే ఉంటుంది, పట్టుకోదు."

ఆయన మిగిలిన హ్యాంగరు తీసుకుని వెళ్ళిపోయాడు.

*

ఆ వారం ఏదో సాయంత్రం టీచరు జవాబు పత్రాలు దిద్దుతూ తలెత్తింది. ఎదురుగా అత్తగారు మంచం మీద దిళ్ళకు చేరగిలబడి ఆడుతోంది. అదేమీ కొత్త దృశ్యం కాదు. కాని ఇన్నాళ్ళూ ఆమె చూసింది గేమ్‌ను. ఎంత పొడవు, ఎంత లావు, ఎటు జారుతుంది, ఎక్కడ పట్టుకోవాలి. ఆ పూట ఎందుకో చెయ్యి చూసింది.

ఎడమ చేతి వేళ్ళకు స్పర్శ సరిగ్గా లేదు. బటన్ తగిలిందో లేదో ఆవిడకు తెలియడం లేదు. అందుకని వేలితో కాక, బొటనవేలి మొదలుతో, మోచేతి నుంచి బరువంతా వేసి పొడుస్తోంది. ఒక్కొక్క నొక్కుకూ చెయ్యంతా గాల్లోంచి కిందికి పడుతోంది. అలాంటి దెబ్బకు ఏ స్టాండు నిలబడుతుంది? నిలబెట్టాల్సింది గేమ్‌ను కాదు, చేతిని. ఇంత లెక్క చేసి, అసలు దత్తాంశమే రాసుకోలేదు. పిల్లలైతే సున్నా వేసేది.

మర్నాడు అత్తగారు పెద్దాసుపత్రిలో చెయ్యి చూపించుకోవడానికి కూతురింటికి బయలుదేరాల్సి ఉంది. శనాదివారాలు అక్కడే ఉండి వస్తుంది. స్నానానికి వెళ్తూ వెళ్తూ గడియారం ముందు ఆగింది.

"ఎవరికన్నా కొలతలు గట్రా కావాలంటే పలక బల్ల మీదే ఉంది. నిద్రపోయేవాళ్ళ పక్కన చేరి జానలేయడం ఎందుకు? పీడకలలొస్తాయి."

టీచరు స్కేలు తీసుకుని కూర్చుంది. గేమ్‌ను చేతిలోకి తీసుకుంటే పొరపాటున బటన్ తగిలి తెర వెలిగింది. ఆడేవాడి పేరు చూపించి రమ్మని పలకరించింది. ఆయన ముద్దుపేరు. బడిలో స్నేహితులు పెట్టినది, వాళ్ళు కాక తల్లికీ పెళ్ళానికీ మాత్రమే తెలిసినది. ఇన్ని నెలలుగా అత్తగారు ఆ పేరు మీదే ఆడుతోంది. మార్చలేదు. టీచరు తెర ఆరిపోయేదాకా ఆగి, కొలతలు తీసుకుంది. రెండుసార్లు తప్పు రాసుకుని కొట్టేసింది.

శనివారం, ఆదివారం ఆమె ఒక్కతే. కోరుకున్న ఏకాంతమే. పొద్దున్నే లేచి రంపం పట్టింది. ఈసారి బల్ల మీద పెట్టేది కాదు, ఒళ్ళో పెట్టుకునేది. వెడల్పాటి ప్లైవుడ్ పలక, అడుగున పాత దిండులోంచి తీసిన స్పాంజి. గేమ్ ఆనుకోవడానికి వెనక వాలు చెక్క, ముందు పొట్టి అంచు. అంచుకు సైకిలు ట్యూబు ముక్క అతికించింది, జారకుండా. ఛార్జరు వైరు పోయే చోట అంచులో గాడి వదిలింది. ఎడమ పక్కన మణికట్టు ఆనించుకోవడానికి గుడ్డ చుట్టిన చిన్న మెత్త. మేకులు కొడితే ఎక్కడన్నా మొన తేలి గుచ్చుకుంటుందని జిగురుతో అతికించి, తాడుతో బిగించి ఉంచింది.

పని మధ్యలో వంటింట్లో పాలు పొంగిపోయాయి. "కొందరికి పాలు పెట్టిన సంగతి గుర్తుండదు" అంది తనే, ఫ్రిజ్‌తో. తరవాత కాసేపు ఆగింది. జవాబు రాలేదు. గడియారం టిక్కుటిక్కుమంటోంది, దానికి సొంతంగా ఏమీ తెలియదు. ఇల్లంత చోటూ ఆమెదే. ఏ గదిలో కావాలంటే ఆ గదిలో కూర్చుని ఏడవచ్చు. కూర్చుంది. ఏడుపు రాలేదు. ఇంట్లో వినేవాళ్ళు లేకపోతే ఏడుపు కూడా బద్ధకిస్తుందని ఆమెకు తెలియదు.

ఆదివారం సాయంత్రానికి స్టాండు అయిపోయింది. తాడు విప్పి, బోర్లించి, ఊపి, దాని మీద తనే మోచేతులు పెట్టి వాలి చూసింది. రాయిలా ఉంది. బతుకులో మొదటిసారి చేత్తో చేసిన వస్తువొకటి ఆమె అనుకున్నట్టు వచ్చింది. సరిగ్గా అప్పుడే అది స్టాండు కాదని, అత్తగారి కారు టిక్కెట్టని అర్థమైంది.

టీచరు దాన్ని తీసుకెళ్ళి వెనక గదిలో మంచం కిందికి తోసేసింది.

*

"అయ్యిందా?" అని అత్తగారు వచ్చీ రాగానే గడియారాన్ని అడిగింది.

"జిగురు ఆరలేదు" అంది టీచరు ఫ్రిజ్‌తో.

సోమవారం ఆరలేదు. మంగళవారం ఆరలేదు. వారం తిరిగింది, ఆరలేదు. బయట ఎండ పెళ్ళున కాస్తోంది. బట్టలు తీగ మీద వేసేలోపే ఆరిపోతున్నాయి. ఆ జిగురొక్కటే ఎందుకో మంకుపట్టు పట్టింది.

"ఏ కంపెనీ జిగురండీ అది?" అన్నాడు ఇన్సూరెన్సాయన గేటు దగ్గర. "నేను వాడేది గంటలో బిగుస్తుంది. తెచ్చివ్వనా?"

"మీకెందుకండీ శ్రమ" అంది టీచరు. "తేమ. గాల్లో తేముంది."

ఆయన ఆకాశం వైపు చూశాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఆడవాళ్ళతో వాదించకూడదని ఏదో వీడియోలో చూసినట్టున్నాడు, ఊరుకున్నాడు.

వింత ఏమిటంటే, అత్తగారు కూడా రెట్టించలేదు. ఉప్పు తక్కువైన కూరను క్షమించని మనిషి, ఆరని జిగురును క్షమించేసింది.

ఒకరోజు బళ్ళో నీళ్ళ ట్యాంకు పగిలి, మధ్యాహ్నానికే సెలవిచ్చేశారు. టీచరు తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి వెనక గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "దూకు! దూకరా సన్నాసీ! అద్దీ... శభాష్!"

గుమ్మంలోకి వెళ్ళి చూసింది. అత్తగారు మంచం మీద కాళ్ళు బారజాపి కూర్చుంది. ఒళ్ళో స్టాండు. స్టాండులో గేమ్. ఎడమ మణికట్టు మెత్త మీద రాజాలా పడుకుంది, వేళ్ళు ఒక్కొక్కటే బటన్లను వెతుక్కుంటున్నాయి. పొట్టి మనిషి గోడ తరవాత గోడ దూకుతున్నాడు.

అలికిడికి ఆవిడ తలెత్తింది. గబుక్కున దుప్పటి లాగి స్టాండు మీద కప్పింది. దుప్పటి కింద నుంచి గేమ్ సంగీతం పాడుతూనే ఉంది.

ఆ గదిలో గడియారం గాని, ఫ్రిజ్ గాని లేవు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది టీచరు.

"ఏదీ?"

"అదే. దుప్పటి కింద పాడుతున్నది."

"జిగురు ఆరలేదన్నావు కదా. పాపం ఆరిందో లేదో అని నువ్వు బడికెళ్ళాక రోజూ ఓసారి చూస్తున్నా."

"ఆరిందా మరి?"

అత్తగారు స్టాండును దుప్పటి పైనుంచే తట్టి చూసింది. "లేదు. ఇంకా పచ్చిగానే ఉంది."

టీచరు మంచం చివర కూర్చుంది. నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడే దుప్పటి తీసింది.

"పనితనం బాగానే ఉందే. ఈ మూల కాస్త గరుగ్గా ఉంది గాని. మా వాడి కంటే నువ్వే నయం."

"అదేమిటత్తయ్యా? వంటింటి గూడు..."

"ఆ గూడు వడ్రంగి చేశాడని నాకు తెలీదనుకున్నావా? అయోడిన్ రాసింది ఎడమ బొటనవేలికి. వాడిది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. సుత్తి ఎడమచేత్తో పట్టుకునేవాడికి దెబ్బ ఏ వేలికి తగులుతుందే? కన్నదాన్ని, ఆ మాత్రం తెలీదూ?"

"మరి ఇన్నేళ్ళూ..."

"పోయినవాడికి కాస్త పనితనం అంటగడితే నీ సొమ్మేం పోయింది? ఉన్నప్పుడు ఎటూ పని చెయ్యలేదు."

టీచరుకు నవ్వొచ్చింది. దుప్పటి చివర నోట్లో కుక్కుకుంది. నవ్వు ఎక్కడిదాకా వెళ్ళిందో, ఎక్కడ ఏడుపులోకి తిరిగిందో ఆమెకు తెలియలేదు. అత్తగారు కాళ్ళు కాస్త జరిపి చోటిచ్చి, ఆట ఆడుకుంటూ కూర్చుంది. పొట్టి మనిషి వరసగా గుంతల్లో పడ్డాడు.

*

ఆడపడుచు ఆదివారం కారేసుకుని వచ్చింది. ఫోన్ కూడా చెయ్యలేదు. చేతిలో ఒక బరువైన సంచీ.

"మీ జిగురు ఆరేలోపు నేను రిటైరైపోతాను" అంటూ సంచీలోంచి ఒక ఇనప స్టాండు తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. "మా బ్యాంకు పక్కన వర్క్‌షాపుంది, దగ్గరుండి చేయించా. ఇదిగో, చెయ్యి ఆనడానికి ఇక్కడ మెత్త. ఇక్కడ బోల్టు. పైకీ కిందికీ జరుగుతుంది. అమ్మా, ఆడి చూడు."

అత్తగారు గేమ్ తెచ్చి పెట్టింది. అది ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు. బోల్టు తిప్పింది, ఎత్తు సరిపోయింది. వంగి అడుగున చూసింది, రబ్బరు ముక్కలున్నాయి. బల్ల గీసుకుపోదు. ఛార్జరు కన్నం వదిలారు. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూస్తూనే ఉంది. వియ్యాలవారు పెట్టిన చీరల్లో కూడా నిమిషంలో తప్పు పట్టిన మనిషి. ఏమీ దొరకడం లేదు. మెల్లిగా కుర్చీలో కూర్చుంది.

"బాగుంది" అంది. ఆ మాట ఆవిడ నోట అంత నీరసంగా రావడం టీచరు ఎప్పుడూ వినలేదు.

"మరింకేం? బట్టలు సర్దుకో. భోంచేసి బయల్దేరదాం. టీచరమ్మా, నీకూ రెస్టు."

టీచరు చేతిలో మంచినీళ్ళ గ్లాసుంది. ఆడపడుచుకు ఇవ్వడానికి తెచ్చింది. అత్తగారు ఆమె వైపు చూడటం లేదు. గడియారం వైపు కూడా చూడటం లేదు. బోల్టు వైపు చూస్తోంది. ఇప్పుడు అనాల్సిన మాట ఏదో టీచరుకు తెలుసు. ఆడపడుచు గ్లాసు కోసం చెయ్యి చాచింది. టీచరు ఆ నీళ్ళు తనే తాగేసింది.

"స్టాండు చాలా బాగుంది వదినా. ఇక్కడే వదిలేసి వెళ్ళండి. అత్తయ్యను కూడా."

"అదేమిటి?"

"నేనూ ఒకటి చేశాను. అదెప్పుడో ఆరింది. ఆరలేదని నేనే అబద్ధం చెప్పాను. ఆవిడ వెళ్ళిపోతే ఇంట్లో... నాకు బాగుండదు. ఉండమని అడుగుతున్నాను."

ఆడపడుచు తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వే కదా స్టాండవగానే వస్తానన్నావు?"

"అన్నాను. నోరుంది, అన్నాను."

"నా ఇల్లంత చేదైందా నీకు? నేనేం తక్కువ చేశాను?" మేనేజరు గొంతు ఎక్కడికో పోయింది. తమ్ముడు పోయిన రోజు గుమ్మంలో కూలబడిన గొంతు వచ్చింది.

"నువ్వేం తక్కువ చెయ్యలేదే. నేను వాడి పేరెత్తితే నువ్వు టీవీ పెడతావు, నీ మొగుడు పళ్ళు కోసుకొస్తాడు. నేను బాధపడకూడదని అందరూ అంత జాగ్రత్తగా ఉంటారు. ఇక్కడ ఆ గొడవ లేదు. వాడి గురించి పోట్లాడటానికి ఇదొకత్తి ఉంది."

ఆడపడుచు కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి, "వాడు నా పరీక్షల అట్ట మీద నా పెన్నుతోనే బొమ్మలేసి, నేనే వేశానని నాన్నకు చెప్పాడు తెలుసా" అంది. ఎవరితో అందో ఆమెకే తెలియదు.

"చెప్పడూ మరి? దొంగవెధవ" అంది తల్లి. "దెబ్బలు మాత్రం నువ్వు తిన్నావు."

ఆ పూట టీవీ ఎవరూ పెట్టలేదు. ఆడపడుచు సాయంత్రం దాకా ఉండి, ఒక్కతే కారెక్కింది. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానంది. బెదిరింపులాగే అంది.

అత్తగారు ఇప్పుడు ఆడేది ఇనప స్టాండు మీదే. "దాని పని దానిదే, ఏమాటకామాటే చెప్పుకోవాలి" అంటుంది. ప్లైవుడ్ స్టాండును టీచరు ఒళ్ళో పెట్టుకుని జవాబు పత్రాలు దిద్దుకుంటోంది. ముందు అంచు ఉండటం వల్ల కాగితాలు జారవు.

"ఎత్తు సరిగ్గా నీకే సరిపోయింది. ఎవరి కొలత తీసి చేశావో ఏమో" అంది అత్తగారు తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"మీరు ఆటాడండి అత్తయ్యా. నాకు ఇంకా ఒక సెక్షను పేపర్లున్నాయి."